ఎడమ పక్క బల్ల

కారు బ్రేకుల్లో గాలి చేరితే దాన్ని బయటికి తీయడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు సీట్లో కూర్చుని పెడల్ తొక్కాలి, ఇంకొకరు చక్రం దగ్గర పడుకుని, గాలి బయటికి పోయే చిన్న మర, నిపుల్ అంటారు, దాన్ని విప్పాలి. మా ఇంట్లో ఆ పనికి ముగ్గురం ఉండేవాళ్ళం. కుడి పక్క చక్రాల దగ్గర మా అన్నయ్య, ఎడమ పక్క చక్రాల దగ్గర మా తమ్ముడు, సీట్లో నేను. తమ్ముణ్ణి అందరూ చిన్నోడనే పిలుస్తారు. ఇప్పుడు వాడికి నలభై ఎనిమిదేళ్ళు, నెత్తిన సగం జుట్టు లేదు, అయినా చిన్నోడే. అన్నయ్యను మాత్రం పేటంతా బ్రేకుల పెద్దాయన అంటారు. ఆయనకు అరవై రెండు. మధ్యలో నేను, మిషన్ కుట్టుకుని బతికేదాన్ని. నా దుకాణం అన్నయ్య షెడ్డు గోడకు ఆనుకునే ఉంది. చిన్నప్పటినుంచీ నా కాళ్ళకు రెండే ఉద్యోగాలు, కుట్టుమిషన్ తొక్కడం, బ్రేకు తొక్కడం. రెంటిలో దేనితో ఎక్కువ తిట్లు తిన్నానో చెప్పనక్కర్లేదు.

పని వినడానికి సులువే. అన్నయ్య "నొక్కు" అంటాడు. నేను నెమ్మదిగా తొక్కి, అలాగే పట్టుకుని "పట్టా" అంటాను. అప్పుడు ఆయన నిపుల్‌ను అర మలుపు విప్పుతాడు. దానికి తగిలించిన సన్నటి గొట్టంలోంచి బ్రేక్ ఆయిల్ సీసాలోకి వస్తుంది, దాంతో పాటే బుడగలు బుడగలుగా గాలి. నా కాలి కింద పెడల్ నేల దాకా దిగిపోతుంది. ఆయన నిపుల్ బిగించి "వదులు" అన్నాకే నేను కాలు తీయాలి. ముందే తీశానా, బయటి గాలి మళ్ళీ లోపలికి పోతుంది, చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే. నాకు పదమూడేళ్ళప్పుడు ఒకసారి చీమ కుట్టిందని కాలు తీసేశాను. ఆ రోజు అన్నయ్య అన్న మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది. "నేను వదులు అనేదాకా ఇల్లు తగలబడిపోతున్నా సరే, కాలు తీయకు."

అప్పుడే ఇంకో పాఠం కూడా చెప్పాడు. మూత బిగించిన నూనె సీసా ఒకటి చేతిలో పట్టుకుని, "ఇందులో గాలి ఎక్కడుంది?" అని అడిగాడు. "పైన" అన్నాను. "మరి నిపుల్ ఎక్కడుండాలి?" "పైన." "అంతే. ఇంకేం చదువుకోనక్కర్లేదు." తర్వాత చిన్నోడికీ ఇదే పాఠం. వాడికి అక్షరాలకంటే ముందు ఇదే వచ్చింది.

నాన్న పోయేనాటికి అన్నయ్యకు పదహారేళ్ళు, నాకు తొమ్మిది, చిన్నోడికి రెండు. అమ్మ నూలు మిల్లుకు వెళ్ళేది. నేను బడికి వెళ్ళేదాన్ని. అందుకని అన్నయ్య పనిలోకి వెళ్తూ చిన్నోణ్ణి చంకనేసుకుని వెళ్ళేవాడు. మేస్త్రి మంచివాడు, ఏమీ అనలేదు. ఆ షెడ్డులో రెండు గోడల పక్కనా రెండు బల్లలు ఉండేవి. కుడి పక్క బల్ల మీద పని, ఎడమ పక్క బల్ల మీద పాత గోనెసంచీ పరిచి చిన్నోడు. వాడు అక్కడే పాకాడు, అక్కడే నిద్రపోయాడు, అక్కడినుంచే ఒకసారి కిందపడి గడ్డం చీల్చుకున్నాడు. మేస్త్రి ముసలివాడై పని మానేసినప్పుడు షెడ్డుతో పాటు ఆ రెండు బల్లలూ అన్నయ్యకే వచ్చాయి. చిన్నోడికి మీసాలొచ్చేసరికి ఎడమ పక్క బల్ల మీద వాడి పానాలు, వాడి టీ గ్లాసు, వాడు చేతులు కడుక్కునే సబ్బు చేరాయి. ఆ పక్క చక్రాలూ వాడివే అయ్యాయి.

ఇలా ఇరవై నాలుగేళ్ళు నడిచింది. చిన్నోడు ముందు వాడి పక్క ముగించి "ఎడమ అయింది" అని అరిచేవాడు. అన్నయ్య "కుడి మొదలు" అనేవాడు. మాకు రేడియో అక్కర్లేకపోయేది.

ఇక అన్నయ్య గుణం కూడా చెప్పాలి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. కుడి పక్క పని ముగిశాక లేచి, పానా పట్టుకుని, బండి చుట్టూ తిరిగి ఎడమ పక్కకు వెళ్ళేవాడు. చిన్నోడు బిగించిన ప్రతి నిపుల్‌కూ పానా వేసి చూసేవాడు. ఎక్కడైనా వెంట్రుకవాసి వదులుగా ఉంటే షెడ్డు పైకప్పు ఎగిరేలా కేకలు. బిగుతుగా ఉంటే మాత్రం మాట్లాడకుండా లేచి వెళ్ళిపోయేవాడు. బిగుతుగా ఉంది అని ఇరవై నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా నోటితో అనలేదు. అలా అంటే నోట్లో ముత్యాలు రాలిపోతాయి మరి!

ఇందులో చిన్నోడికి తెలియని సంగతి ఒకటుంది. అన్నయ్యకు పంతొమ్మిదేళ్ళప్పుడు ఒక బండికి ఎడమ వెనక చక్రం నిపుల్ బిగించడం మరిచిపోయాడు. ఆ బండి వీధి మలుపులో ఆగక గోడకు గుద్దుకుంది. నడుపుతున్న ఆయనకు మణికట్టు విరిగింది. అంతకంటే పెద్ద నష్టం జరగలేదు. కానీ అప్పటినుంచి అన్నయ్యకు ఎడమ పక్క అంటే భయం. ఈ సంగతి నాకూ వదినకూ మాత్రమే చెప్పాడు. తమ్ముడి ముందు చిన్నబోతానని కాబోలు, వాడికి మాత్రం చెప్పలేదు. వాడేమో అన్నయ్యకు తన చేతి మీద నమ్మకం లేదనుకున్నాడు. అనుకోక ఏం చేస్తాడు?

ఆరేళ్ళ కిందట ఒక రోజు చిన్నోడి బావమరిది షెడ్డుకు వచ్చాడు, బావ పని చూద్దామని. ఇద్దరు ముగ్గురు బండివాళ్ళు కూడా నిలబడి ఉన్నారు. చిన్నోడు ఎడమ పక్క ముగించాడు. అన్నయ్య ఎప్పటిలాగే వెళ్ళి పానా వేశాడు. ఆ రోజు ఎందుకో ఆయన మనసు నిలవలేదు. "ఇది మళ్ళీ చెయ్యాలి" అని, వాడు చేసిందంతా విప్పి, అందరి ముందూ మొదటినుంచి తనే చేశాడు. చిన్నోడు పక్కన నిలబడి చూశాడు. తర్వాత సబ్బుతో చేతులు కడుక్కుని, తుడుచుకుని, "నా చేతి మీద నమ్మకం లేనప్పుడు ఆ చెయ్యి నీ షెడ్డులో ఎందుకన్నయ్యా?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. పానాలు కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు.

తిలాపాపం తలా పిడికెడు అన్నారు. అందులో నా పిడికెడూ ఉంది. ఆ రోజు నేను సీట్లోనే ఉన్నాను. అన్నయ్య విప్పకముందు పెడల్ రాయిలా ఉంది, నా కాలికి తెలుసు. మళ్ళీ చేయాల్సిన అవసరం గోరంత లేదు. ఆ మాట ఒక్కటి నేను గట్టిగా అని ఉంటే సరిపోయేది. ఊరి మీదంతా నోరు పారేసుకునేదాన్ని, ఆ రోజు మాత్రం నోరు మూసుకుని కూర్చున్నాను. అన్నదమ్ములిద్దరి మధ్య మనమెందుకులే అనుకున్నాను.

చిన్నోడు మూడు బస్టాపుల అవతల సొంత షాపు పెట్టాడు. అద్దాల తలుపు, గాలిని దానంతట అదే పీల్చేసే మిషను, అన్నీ ఉన్నాయి. ఆ మిషనుకు పెడల్ తొక్కే మనిషి అక్కర్లేదు. నేను వెళ్తే కుర్చీ వేసి కూర్చోబెడతాడు. నాకు కూర్చోబుద్ధి కాదు. కాసేపు పిల్లల సంగతులు మాట్లాడి, నేను లేవబోయేటప్పుడు అడుగుతాడు, "అన్నయ్యకు దగ్గు తగ్గిందా అక్కా?" ఇక్కడికొస్తే ఈయన, చూపు వేరే వైపు పెట్టి, "వాడి దగ్గరికి ఏం బళ్ళొస్తున్నాయట?" అంటాడు. ఇద్దరూ కలిసి నన్ను పోస్టు డబ్బా చేశారు. దగ్గు తగ్గిందని అక్కడ, బళ్ళు బాగానే వస్తున్నాయని ఇక్కడ చెప్పడానికి ఆరేళ్ళు నేను బస్సులెక్కాను.

షెడ్డులో పని ఆగలేదు. ఎడమ పక్క కూడా అన్నయ్యే చేసుకునేవాడు. ముగించి, బండి చుట్టూ తిరిగి వచ్చి, కుడి చక్రం దగ్గర పడుకుని, కొంచెంసేపు ఊరికే ఉండేవాడు. ఎవరో ఏదో అనాలన్నట్టు ఎదురుచూసేవాడు. తర్వాత తనలో తనే "కుడి మొదలు" అనేవాడు. ఆ ఎదురుచూపు ఎంతసేపో పెడల్ మీద కాలు పెట్టుకుని కూర్చున్న నాకే తెలుసు. ఒక్కోసారి నేనే "ఎడమ అయింది" అని అరుద్దామా అనిపించేది. గొంతు దాకా వచ్చి ఆగిపోయేది.

ఎడమ పక్క బల్లను ఆయన ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. వారానికోసారి తనే బట్టతో దుమ్ము దులిపి, పానాలు తుడిచి, ఎక్కడివక్కడ పెట్టేవాడు. సబ్బు ఎండి పగుళ్ళిచ్చింది. దాన్ని కూడా తుడిచి పెట్టేవాడు. ఒక బండాయన తెలియక తన సంచీ ఆ బల్ల మీద పెడితే, "అది పనిచేసేవాడి బల్లండీ, సంచీలు పెట్టుకునేది కాదు" అని కసిరాడు. పనిచేసేవాడు ఎక్కడున్నాడని ఆ మనిషి అటూ ఇటూ చూశాడు. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఈ మధ్య ఒక డ్రైవింగ్ టీచరమ్మ తన బండి తెచ్చింది. డ్రైవింగ్ నేర్పే బండి కనుక పక్క సీటు దగ్గర కూడా ఒక బ్రేకు పెడల్ ఉంది. "నా బండిలో ఇద్దరం కలిసి బ్రేకేస్తాం పెద్దాయనా, అయినా ఆగేటప్పుడు పక్కకు లాగుతోంది. నేర్చుకునేవాళ్ళకు భయం లేదు గానీ, నాకు ప్రాణాలు పోతున్నాయి" అంది. అన్నయ్య చక్రాలు విప్పి చూశాడు. ముందు చక్రాల కాలిపర్లు రెండింటిలోనూ పిస్టన్లు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. కాలిపర్ అంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప డిస్కును రెండు వైపులా పట్టుకుని ఆపే భాగం. దాని మీదే నిపుల్ ఉంటుంది. రెండూ ఒకేసారి విప్పి, కడిగి, లోపలి రబ్బర్లు మార్చి, కుడి పక్క బల్ల మీద ఆరబెట్టాడు. సాయంత్రానికి మళ్ళీ బిగించాడు. "రేపు గాలి తీస్తే అయిపోతుంది, ఎల్లుండి వచ్చి తీసుకెళ్ళండి" అని టీచరమ్మకు చెప్పాడు.

మర్నాడు పొద్దున నేను సీట్లో కూర్చున్నాను. నొక్కు, పట్టా, వదులు. ఎడమ చక్రం దగ్గర పడుకుని అన్నయ్య, "ఈ బండికి నిపుల్ చేతికి ఎంత బాగా అందుతోందే!" అని సంబరపడ్డాడు. రెండు చక్రాలకూ అయింది. గొట్టంలో ఒక్క బుడగ లేదు, ఆయిల్ తేటగా వచ్చింది. నేను పెడల్ తొక్కి చూస్తే తడిసిన దూది మీద కాలేసినట్టుంది.

"మెత్తగా ఉందన్నయ్యా."

"మళ్ళీ చేద్దాం."

మళ్ళీ చేశాం. మధ్యాహ్నం మళ్ళీ, సాయంత్రం మళ్ళీ. రెండో రోజు ఆయన పద్ధతిగా వెతకడం మొదలుపెట్టాడు. ఎక్కడా ఆయిల్ కారడం లేదు. పక్క సీటు పెడల్ విడదీసి చూశాడు, తేడా లేదు. నన్ను పెడల్ తొక్కి నిమిషంసేపు పట్టుకోమన్నాడు. అది దిగిపోలేదు, అంటే పెడల్ దగ్గర ఆయిల్‌ను తోసే మాస్టర్ సిలిండర్ బాగానే ఉంది. గబగబా నాలుగుసార్లు తొక్కమన్నాడు. పైకి లేచింది, కాసేపు ఆగి తొక్కితే మళ్ళీ మెత్తన. "అయితే గాలే" అన్నాడు. ముందు చక్రాలకు వెళ్ళే రబ్బరు గొట్టాలు రెండింటినీ బిగించి మూసేస్తే పెడల్ రాయిలా నిలబడింది. కుడిది వదిలితే మెత్తబడింది. అది మూసి ఎడమది వదిలినా మెత్తబడింది. గాలి ఆ రెండు చక్రాల దగ్గరే ఉంది. ఉందని తెలుసు, బయటికి మాత్రం రాదు.

మూడో రోజుకు నాలుగు ఆయిల్ డబ్బాలు ఖాళీ అయ్యాయి. మూత తీసిన డబ్బా మర్నాడు వాడడు, తేమ పీల్చుకుంటుందని. టీచరమ్మ రెండుసార్లు వచ్చి వెళ్ళింది. రెండోసారి ఏమీ అనలేదు. ఆమె అలా ఏమీ అనకుండా వెళ్ళడమే అన్నయ్యకు ఎక్కువ తగిలింది. ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటివైపే చూస్తూ కూర్చున్నాడు. "చేతులు పోయాయే నాకు. ఈ పెడల్ రాకపోతే షెడ్డు మూసేస్తాను. బ్రేకులు చేతకానివాడు బ్రేకుల షెడ్డు పెట్టుకోకూడదు" అన్నాడు. ఉత్తుత్తి మాటలు చెప్పే మనిషి కాదు. ఆ షెడ్డు మూసేస్తే ఎడమ పక్క బల్ల ఎక్కడికి పోతుంది? చిన్నోడు ఎప్పటికైనా రావాలంటే ఎక్కడికి వస్తాడు?

"చిన్నోణ్ణి పిలుద్దామా?" అన్నాను.

ఆ పేరు వినగానే లేచి మళ్ళీ చక్రం దగ్గర పడుకున్నాడు. "నొక్కు" అన్నాడు. నొక్కాను. "వదులు" అన్నాడు. వదిలాను. పెడల్ మెత్తగానే ఉంది.

"నీ కాలే సరిగా లేదు. నేను చెప్పకముందే తీసేస్తున్నావు" అన్నాడు.

అంతే, నా ఒళ్ళు మండిపోయింది. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. సీట్లోంచి దిగి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాను.

"నలభై ఏళ్ళకు పైగా నొక్కుతున్న కాలు! చీమ కుట్టినప్పుడు ఒక్కసారి తీశాను, అంతే. నా కాలు ఎప్పుడూ అబద్ధం చెప్పలేదన్నయ్యా. నా నోరే చెప్పాల్సింది చెప్పలేదు. వింటావా? చిన్నోడు వెళ్ళిపోయిన రోజు, నువ్వు విప్పకముందు, పెడల్ రాయిలా ఉంది. వాడు చేసింది సరిగ్గా ఉంది. నువ్వు నన్ను అడగలేదు, నేను నీకు చెప్పలేదు. ఇద్దరం కలిసి వాణ్ణి పంపించేశాం."

అన్నయ్య బండి కిందనుంచి లేవలేదు. ఆయన కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. నేను నా దుకాణానికి వెళ్ళిపోయి, ఎవరిదో జాకెట్టు ముందేసుకుని, చేతిని తీసుకెళ్ళి మెడ దగ్గర కుట్టేశాను. మళ్ళీ విప్పాను. ఆరేళ్ళు మోసిన మాట దించుకున్నాననే గానీ, గుండె తేలిక పడలేదు.

గంట తర్వాత అన్నయ్య నా గుమ్మంలో నిలబడ్డాడు, చేతిలో ఫోను.

"నువ్వు చెయ్యవే."

"నేను చెయ్యను. ఆ రోజు అందరి ముందూ విప్పింది నువ్వు."

"నంబరు..."

"నంబరు నీకు కంఠతా వచ్చు. వదిన చెప్పింది."

అక్కడే, నా దుకాణం మెట్టు మీద కూర్చుని నొక్కాడు. అవతలి మాటలు నాకు వినిపించలేదు. ఈయన మాటలే విన్నాను. "నేనేరా... పెడల్ రావట్లేదు... మూడు రోజులైంది... ఆఁ, అన్నీ చూశాను... అక్కే నొక్కుతోంది. అక్క కాలు మంచిదే." అక్కడ ఆగాడు. "ఆ రోజు కూడా పెడల్ గట్టిగానే ఉందటరా. అక్క ఇప్పుడు చెప్పింది. నేను చూసుకోలేదు." ఫోను ఇంకా చెవి దగ్గరే ఉంచుకున్నాడు. చివరికి దించి, "పొద్దున్నే వస్తాడట" అన్నాడు. నేను జాకెట్టు మీదకు వంగి దారం తెంపుతున్నట్టు నటించాను.

పొద్దున షెడ్డు తలుపు తీసేసరికే చిన్నోడు బయట నిలబడి ఉన్నాడు. భుజాన పానాల సంచీ. అన్నయ్య "వచ్చావా" అన్నాడు. వాడు "ఆఁ" అన్నాడు. ఆరేళ్ళ తర్వాత మా వాళ్ళ పలకరింపు అది. వాడు లోపలికి వచ్చి ఎడమ పక్క బల్ల వైపు చూశాడు. పానాలు మేకులకు వరసగా వేలాడుతున్నాయి, గ్లాసు బోర్లించి ఉంది, పక్కన పగిలిన సబ్బు. వాడు దగ్గరకు వెళ్ళి బల్ల మీద వేలితో గీసి చూసుకున్నాడు. వేలికి దుమ్ము అంటలేదు. తెచ్చిన సంచీని నెమ్మదిగా కింద పెట్టేశాడు.

తర్వాత ఎడమ ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. లోపలికి తొంగి చూశాడు. లేచి కుడి పక్కకు వెళ్ళి అక్కడా చూశాడు. మళ్ళీ వచ్చి కూర్చుని, నవ్వాపుకోలేక మోకాళ్ళలో తలపెట్టుకున్నాడు.

"అక్కా, గాలి ఎక్కడుంటుంది?"

"పైన" అన్నాను, అలవాటుగా.

"మరి నిపుల్ ఎక్కడుంది?"

నేనూ అన్నయ్యా ఒకేసారి వంగాం. నిపుల్ కింద ఉంది. కుడి కాలిపర్ ఎడమ పక్కకు, ఎడమది కుడి పక్కకు బిగించాడు మా పెద్దాయన. అవి జోడు చెప్పుల్లాంటివి, చూడ్డానికి ఒకేలా ఉంటాయి. తారుమారు చేస్తే తలకిందులై నిపుల్ అడుక్కి పోతుంది. గాలేమో పైన హాయిగా కూర్చుంది, మేము మూడు రోజులుగా అడుగునుంచి మంచి ఆయిల్ తోడిపోశాం. చేతికి బాగా అందుతోందని సంబరపడ్డది ఇందుకే! చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

అన్నయ్య ముఖం చూడలేకపోయాను. అందరికీ ఆ పాఠం చెప్పినవాడు, పసివాడు కూడా చేయని తప్పు చేశాడు.

చిన్నోడు నవ్వడం ఆపేశాడు. "రెండూ ఒకే బల్ల మీద పెట్టావా అన్నయ్యా?"

"ఆఁ. అక్కడే కలిసిపోయినట్టున్నాయి."

"ఎడమది ఎప్పుడూ నా బల్ల మీదేగా పెట్టేది. అది ఖాళీగానే ఉంది కదా?"

"ఖాళీ ఏమిట్రా. నీ సామానుంది" అన్నాడు అన్నయ్య. కొంచెం ఆగి, "నువ్వు రాకుండా నీ బల్ల మీద నేను పని ఎలా పెడతాను?" అన్నాడు.

చిన్నోడు బల్ల దగ్గరికి నడిచాడు. సబ్బు తీసి జేబులో వేసుకున్నాడు, ఎందుకో వాడికే తెలియాలి. మేకు మీది పానా అందుకున్నాడు.

కాలిపర్లు విప్పి, ఎవరి పక్కది వాళ్ళు తీసుకుని బిగించుకున్నారు. నేను సీట్లో కూర్చున్నాను. కుర్చీ వేసి కూర్చోబెట్టినప్పుడు రాని సుఖం ఆ చిరుగుల సీట్లో వచ్చింది. ఎడమ పక్కనుంచి "నొక్కక్కా" అని వినిపించింది. "పట్టా" అన్నాను. గొట్టంలో తెల్లటి బుడగలు బుసబుసమంటూ సీసాలోకి దూకాయి. "వదులు." మళ్ళీ, మళ్ళీ. బుడగలు చిన్నవై, ఆగిపోయి, ఆయిల్ తేటపడింది.

"ఎడమ అయింది" అని అరిచాడు చిన్నోడు.

కుడి పక్కనుంచి జవాబు రాలేదు. తల బయటికి పెట్టి చూశాను. అన్నయ్య నిపుల్ మీద పానా పెట్టుకుని పడుకునే ఉన్నాడు. పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు.

"అన్నయ్యా, కుడి మొదలా?" అన్నాను.

"మొదలు" అన్నాడు. అది మాటలా లేదు.

కుడి పక్క కూడా ముగిసింది. పెడల్ నా పాదం కింద గట్టిగా, ఎత్తుగా నిలబడింది. అన్నయ్య లేచాడు. చేతిలో పానా ఉంది. కాళ్ళకు అలవాటైన దారి, బండి ముందునుంచి తిరిగి ఎడమ పక్కకు వచ్చేశాడు. అక్కడికొచ్చాక గుర్తొచ్చినట్టు ఆగాడు. చిన్నోడు ఆయన్నే చూస్తున్నాడు. అన్నయ్య పానాను జేబులో పెట్టుకుని వెనక్కి తిరిగాడు.

"అన్నయ్యా" అన్నాడు చిన్నోడు.

"ఏంరా."

"ఒకసారి చూడు."

"అక్కర్లేదు. నువ్వు బిగించావుగా."

"చూడన్నయ్యా. అక్కడ నా వెనక చూసేవాళ్ళు ఎవరూ లేరు. నేనే రెండుసార్లు చూసుకుంటాను. అన్నం తినేటప్పుడు కూడా, బిగించానా లేదా అని అదే ఆలోచన. ఆరేళ్ళనుంచి ఒక్క బండి కూడా నిశ్చింతగా పంపలేదు."

అన్నయ్య జేబులోంచి పానా మళ్ళీ తీశాడు. తర్వాత ఎడమ చక్రం దగ్గర మెల్లగా పడుకున్నాడు. "గట్టిగా నొక్కి పట్టుకోవే. కారుతుందేమో చూస్తాను" అన్నాడు.

"పట్టా."

పానా ఇనుముకు తగిలిన చప్పుడు వినిపించింది.

"బిగుతుగా ఉంది" అన్నాడు అన్నయ్య. మళ్ళీ, ఈసారి గట్టిగా, "బిగుతుగా ఉందిరా చిన్నోడా. సరిగ్గా ఉంది."

చిన్నోడు నేల మీద కూలబడి చక్రం పక్కన చేరగిలబడ్డాడు. అన్నయ్య లేవలేదు. ఆ కిందనుంచే, "నీకొక సంగతి చెప్పాలిరా" అని మొదలుపెట్టాడు. "నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు, ఇలాగే ఎడమ పక్క..." వాడు మోకాళ్ళు దగ్గరకు లాక్కుని, బల్ల మీద కూర్చున్న రోజుల్లోలాగే నోరు తెరుచుకుని వింటున్నాడు.

నా కాలు పెడల్ మీదే ఉంది. వదులు అని ఎవరూ అనలేదు. ఇద్దరూ ఆ మాట మరిచిపోయారు. గుర్తుచేయడం ఎంతసేపు? కానీ వదిలితే పని అయిపోతుంది, పని అయిపోతే టీచరమ్మ బండి వెళ్ళిపోతుంది, చిన్నోడు సంచీ భుజానేసుకుని మూడు బస్టాపుల అవతలికి వెళ్ళిపోతాడు. అన్నయ్య చెప్పే సంగతి ఇంకా గోడ దాకా రాలేదు, ఆ బండి ఇంకా వీధి మలుపులోనే ఉంది. నా కాలు తిమ్మిరెక్కింది. నేను పట్టుకునే కూర్చున్నాను.